ఇందులో ఏం పెడతావు?

పాత సామాను మీద మోజు పుట్టిన కొత్తలో నేను చేసిన ఒక తప్పు గురించి ముందు చెబుతాను. ఒక ఊళ్ళో, ఒక దుకాణంలో (పేర్లు వద్దు, తప్పు సగం నాదే) నిలువెత్తు అద్దాల అల్మరా కనిపించింది. ఎవరో వకీలుగారి ఆఫీసు గదిలోదని చెప్పాడు కొట్టాయన. నల్లగా నిగనిగలాడే కర్ర, ఎదురుగా నిలబడితే మన మొహం కొంచెం వంకరగా కనిపించే పాతకాలపు గాజు, ఇత్తడి పిడులు. నా కళ్ళు మెరవడం ఆయన చూసేశాడు. ఇంక బేరం ఏముంటుంది? చెప్పిన ధరకు కాస్త అటూఇటూగా డబ్బు చేతిలో పెట్టి వచ్చాను.

నలుగురు మనుషులు మెట్ల మీదుగా మోసుకొచ్చి హాల్లో దింపారు. మా అత్తయ్యగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి, వేసి, "బాగుందమ్మా. ఇందులో ఏం పెడతావు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. చీరలు హ్యాంగర్లకు తగిలిద్దామంటే లోపలి లోతు 13 అంగుళాలే. హ్యాంగరు అడ్డంగా పట్టదు. గిన్నెలు పెడదామంటే అరల మధ్య ఎత్తు చాలదు. లా పుస్తకాల కొలతకు చేయించుకున్న అల్మరా అది. మా ఇంట్లో లా పుస్తకం ఒక్కటీ లేదు. మూడు నెలలు అది హాల్లో ఖాళీగా నిలబడింది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు, మేం మాత్రం దాని పక్క నుంచి ఒదిగి నడిచాం.

అప్పటి నుంచి పాత పెట్టె కొంటాం, బీరువా కొంటాం అని సలహా అడిగిన వాళ్ళందరినీ నేను మొదట అడిగేది అత్తయ్యగారి ప్రశ్నే. కుర్చీ అయితే వేరు. ఎలాంటి కుర్చీ అయినా ఎవరో ఒకరు కూర్చుంటారు. సామాను దాచుకునే వస్తువు అలా కాదు, తన కడుపులో ఏం పట్టాలో ముందే నిర్ణయించుకుని పుట్టింది. చేయించుకున్నవాళ్ళ బతుకు కొలతలు అందులో ఉంటాయి. మీ బతుకు కొలతలు వాటికి సరిపోతాయా లేదా అన్నది మీరు ఇంట్లోనే, దుకాణానికి వెళ్ళకముందే తేల్చుకోవాలి.

అందుకని ముందు కాగితం మీద రాయండి. ఏ గదిలో, ఏ గోడకు, ఏ వస్తువుల కోసం? చీరలా? ఎన్ని? మడిచి పెడతారా, తగిలిస్తారా? మన పాత బీరువాలు చాలావరకు మడత బట్టల కాలంవి. మడిచిన చీరకు 15, 16 అంగుళాల లోతు ఉన్న అర హాయిగా సరిపోతుంది. చొక్కాలు, కుర్తాలు హ్యాంగర్లకు వేలాడాలంటే మాత్రం లోపల 22 అంగుళాలు ఉండాలి. అంతకు తగ్గితే తలుపు మూసిన ప్రతిసారీ చేతులు నలుగుతాయి. పుస్తకాలకు 10 అంగుళాలు చాలు. అంతకు మించితే వెనక వరుస ఒకటి తయారై, అందులోకి వెళ్ళిన పుస్తకం మళ్ళీ మీకు కనపడదు. ఆఫీసు ఫైళ్ళకు 14 అంగుళాలు. పుస్తకాల బరువు కూడా తక్కువ అంచనా వేయకండి. అడుగు పొడవు పుస్తకాల వరుస పది కిలోల దాకా తూగుతుంది. మూడడుగులు దాటిన అరకు మధ్యలో ఆధారం లేకపోతే, ముప్పావు అంగుళం చెక్క ఎంత మంచిదైనా కొన్నేళ్ళకు ఉయ్యాలలా వంగుతుంది.

ఇదంతా చాదస్తంగా అనిపిస్తే హైదరాబాదులో పురానీ హవేలీకి వెళ్ళి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు చూసి రండి. భవనం ఒక వైపు రెక్క పొడుగునా, రెండు అంతస్తులుగా కట్టిన టేకు బీరువాలు. పైకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు. వేసిన బట్ట మళ్ళీ వేయడని చెప్పుకునే మనిషికి అలాంటి బీరువాయే కావాలి మరి. వైభవం మాట అలా ఉంచండి, ఏం పెట్టాలో తెలిసి కట్టించిన బీరువా అది. మనకు కావలసిన పాఠం అంతవరకే.

*

పాత సామాను అనగానే తెలుగువాళ్ళకు మొదట మనసులో మెదిలేది భోషాణం. మా నాయనమ్మ భోషాణానికి కింద చక్రాలు, ముందు ఇనుప పట్టీలు, పైన సగం వరకే తెరుచుకునే మూత ఉండేవి. మిగతా సగం మీద చాప పరుచుకుని తాతయ్య పడుకునేవాడు. ఇంటి పెట్టె మీద ఇంటి పెద్ద నిద్రపోవడం. అంతకు మించిన బందోబస్తు ఇప్పటి లాకర్లకు కూడా లేదు. లోపల వెండి, పట్టుబట్టలు, దస్తావేజులు, ఒక మూల చిన్న సొరుగు, ఆ సొరుగు వెనక ఇంకో దొంగ అర. ఆ అర ఎలా తెరుచుకుంటుందో నాయనమ్మకు తప్ప ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. మాకందరికీ తెలుసు.

ఇలాంటిది మీ ఊళ్ళో, మీ అటక కిందో, పశువుల కొట్టంలోనో ఉంటే దుకాణాల చుట్టూ తిరక్కముందు దాన్ని చూడండి. పాత సామానుకు మొదటి అంగడి సొంత ఊరే. పంపకాల్లో ఎవరికీ వద్దనుకున్న పెట్టె ఒకటి చాలా ఇళ్ళలో ఇంకా పడి ఉంది. అయితే తెచ్చుకునే ముందు ఒక లెక్క వేయాలి. అయిదడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, మూడు ఎత్తు, అంగుళంన్నర మందం పలకలు అనుకుందాం. కలప దాదాపు 8.75 ఘనపుటడుగులు. టేకు ఘనపుటడుగు 18 కిలోల చొప్పున వేస్తే ఖాళీ పెట్టే 160 కిలోలు. ఇనుము అదనం. అందులో పరుపులూ ఇత్తడి సామానూ నింపాక దాన్ని జరిపి కింద తుడవడం అన్నది ఇంక జరగని పని. అపార్టుమెంటులో ఉంటే దాని స్థానం ఒక్కసారే నిర్ణయించుకోండి.

పెట్టెకూ బీరువాకూ వాడకంలో ఉన్న తేడా కూడా చాలామంది కొన్నాకే తెలుసుకుంటారు. పైనుంచి తెరిచే పెట్టెలో అడుగున ఉన్నది కావాలంటే పైన ఉన్నదంతా తియ్యాలి. పైగా మూత మీద ఊరుకుంటామా? పత్రికలు, పూలకుండీ, చార్జర్లు, మడత పెట్టాల్సిన బట్టలు చేరతాయి. నెల తిరిగేసరికి మూత తెరవడమే మానేస్తాం. అందుకని పెట్టెను ఏడాదికి మూడు నాలుగు సార్లు తీసే వాటికే కేటాయించండి. చలికాలం రగ్గులు, చుట్టాలొచ్చినప్పటి దుప్పట్లు, సంక్రాంతి బొమ్మల కొలువు బొమ్మలు. రోజూ కావలసిన వాటికి తలుపులు గానీ సొరుగులు గానీ ఉన్నదే మంచిది. సోఫా ముందు పాత ట్రంకు పెట్టె వేసి టీ బల్లగా వాడటం ఇప్పుడొక సరదా. చూడటానికి బాగుంటుంది, కాదనను. టీ కప్పులు తియ్యకుండా దాని మూత తెరిచినవాళ్ళను మాత్రం నేనింకా చూడలేదు.

పిల్లలున్న ఇంట్లో పెద్ద పెట్టె తెచ్చేముందు దాని గొళ్ళెం చూడండి. మూత పడగానే తనంతట తాను బిగుసుకునే తాళమైతే దాన్ని ఊడదీయించండి. దాగుడుమూతలాటలో దూరిన పిల్లవాడు లోపలినుంచి తెరవలేడు, మూసుకున్న పెట్టెలో గాలి ఎంతోసేపు సరిపోదు. ఇది ఊహించుకున్న భయం కాదు. అమెరికాలో లేన్ అనే కంపెనీ 1912 నుంచి 1987 దాకా అమ్మిన సెడార్ పెట్టెలకు అలాంటి తాళాలే ఉండేవి. పిల్లలు ఊపిరాడక చనిపోవడంతో 1996లో దాదాపు కోటీ 20 లక్షల పెట్టెల తాళాలు మార్చుకోమని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. ఆ పెట్టెలు అక్కడి పాత సామాన్ల అమ్మకాల్లో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంటాయి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా గరాజ్ సేల్‌లో చవగ్గా దొరికిందని కొంటే ముందు తాళం సంగతి చూసుకోవాలి. బరువైన మూత చెయ్యి జారి వేళ్ళ మీద పడటం ఇంకో ప్రమాదం. మూతను మెల్లగా దించే కీలు ఒకటి వడ్రంగి చేత బిగించుకుంటే సరి. నిలువు బీరువా అయితే పైభాగాన్ని గోడకు ఎల్ ఆకారపు పట్టీతో కట్టేయండి. సొరుగులన్నీ ఒకేసారి లాగి మెట్లలా ఎక్కే వయసు ప్రతి ఇంట్లోనూ వస్తుంది.

*

ఇక దుకాణానికి వెళదాం. హైదరాబాదులో గురువారం సాగే జుమ్మేరాత్ బజార్ ఉంది. పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే డిపోలు మన పట్టణాలన్నిటి శివార్లలోనూ ఉన్నాయి. కాస్త దూరం వెళ్ళగలిగితే చెట్టినాడు ఇళ్ళ సామాను కోసం కారైక్కుడిలో మునీశ్వరన్ కోవెల వీధి, కొచ్చిలో మట్టాంచేరి యూదుల వీధి, ముంబయిలో చోర్ బజార్ ఉన్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు జేబులో డబ్బు పెట్టుకోకండి. ఊరికే చూసి రండి. అసలు అంతకంటే ముందు కొనడానికి వీల్లేని చోట్ల కంటికి తర్ఫీదు ఇచ్చుకోవడం మంచిది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫర్నిచరు ఉన్న గదుల్లో ఒక పూట గడపండి. చెన్నై దగ్గర దక్షిణచిత్రలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను ఊడదీసి తెచ్చి మళ్ళీ కట్టారు, మన కోస్తా ఇల్లు కూడా ఉంది. ఏ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉండేదో చూస్తే, దుకాణంలో వాటిని విడివిడిగా చూసినప్పుడు మోసపోవడం తగ్గుతుంది.

సంచిలో పెట్టుకోవలసినవి టేపు, టార్చి, చిన్న అయస్కాంతం, ఒక తెల్ల కాగితం. అయస్కాంతం ఇత్తడికి అంటుకోదు. పిడికి అంటుకుందంటే అది ఇనుము మీద పూసిన పూత.

మంచి వడ్రంగి బీరువాను ఎలా చూస్తాడో నేను మా వడ్రంగి తాత దగ్గరే నేర్చుకున్నాను. ఆయన్ని వెంట తీసుకెళితే ముందువైపు చూడనే చూడడు. "పైన పటారం ఎవడైనా చేస్తాడమ్మాయ్, వెనక్కి తిప్పమను" అంటాడు. తిప్పాక చేత్తో తడుముతాడు. చేతి చిత్రిక పట్టిన చెక్క మీద వేళ్ళు పోనిస్తే సన్నని ఎత్తుపల్లాలు తెలుస్తాయి. కంటికి కనపడవు, చేతికి తెలుస్తాయి. మిషన్ మీద తీసిన చెక్క అద్దంలా ఒకే తీరుగా ఉంటుంది. ముందువైపు పూలూ లతలూ చెక్కి, వెనక ప్లైవుడ్డు కొట్టి ఉంటే దాని వయసు గురించి కొట్టాయన చెప్పే కథ అక్కడితో ఆపించవచ్చు. అయినా ప్లైవుడ్డు కనపడ్డంత మాత్రాన వస్తువు పనికిరాదని కాదు. వెనక చెక్క పుచ్చిపోయి ఎవరో మార్పించి ఉండవచ్చు. ధర మాత్రం ఆ మేరకు దిగాలి.

తర్వాత సొరుగు. పూర్తిగా బయటకు లాగి తలకిందులు చేయండి. మూలల దగ్గర రెండు పలకలు ఎలా కలిశాయో చూడండి. విసనకర్రలా విచ్చుకున్న పళ్ళు ఒకదానిలో ఒకటి దూరి ఉంటే దాన్ని డవ్‌టెయిల్ జాయింటు అంటారు. పళ్ళు ఒకటి లావుగా, ఒకటి సన్నగా, గీసుకున్న గీత ఇంకా కనపడుతూ ఉంటే చేత్తో కోసినవి. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే యంత్రం కోసింది. సొరుగు అడుగు అంచులు ఎన్నో ఏళ్ళు జారి జారి అరిగిపోయి ఉండాలి. అరుగుదల మనిషి చెయ్యి పడే చోట ఉంటుంది, పిడి చుట్టూ, తలుపు అంచున, తాళంచెవుల గుత్తి కొట్టుకునే చోట. పై నుంచి కింద దాకా సమంగా అరిగిన బీరువాను అరగదీసింది కాలం కాదు, గరుకు కాగితం.

మేకులూ స్క్రూలూ కూడా వయసు చెబుతాయి. కమ్మరి కొట్టిన మేకుకు కాడ నలుపలకలుగా ఉంటుంది, తల వంకరటింకరగా ఉంటుంది. స్క్రూ తల మీద ఒకే గీత ఉంటే పాతదైనా కావచ్చు, కొత్తదైనా కావచ్చు. ప్లస్ గుర్తు ఉంటే మాత్రం 1930ల తర్వాతిదే, ఆ రకం స్క్రూ అమెరికాలో పుట్టిందే అప్పుడు. వందేళ్ళ బీరువా అని చెప్పినదాని కీళ్ళన్నిటికీ ప్లస్ స్క్రూలుంటే కీళ్ళు మార్చారా, బీరువాయే మార్చారా అని అడగండి. స్క్రూ పక్కన చెక్కలో పాత బెజ్జం పూడ్చిన మచ్చ ఉంటే కీళ్ళు మార్చినట్టే. పై భాగం ఒక వస్తువుది, కింది భాగం ఇంకొకదానిది కలిపి అతికిన 'జోడీలు' కూడా ఎదురవుతాయి. వెనకవైపు పలకల రంగు, మందం పైనా కిందా వేరుగా ఉంటే అలాంటిదే.

కర్ర విషయానికొస్తే, అమ్మేవాళ్ళ నోట ప్రతి టేకూ బర్మా టేకే. ఒకప్పుడు రంగూన్ నుంచి మన తూర్పు తీరపు రేవులకు కలప దిగిన మాట, మనవాళ్ళు కాకినాడ, విశాఖపట్నం నుంచి పొట్టచేత పట్టుకుని అక్కడికి వెళ్ళిన మాట నిజమే. ఆ జ్ఞాపకంతో పాటు ఆ పేరుకు ఉన్న గౌరవం కూడా మిగిలిపోయింది. కానీ మీరు చూసుకోవలసింది దేశం పేరు కాదు, చేవ. చెట్టు నడిమిభాగపు ముదురు కర్రే చేవ. టేకు చేవకు చెద అంత తేలికగా పట్టదు, దానిలోని సహజమైన నూనెలూ రసాయనాలే కాపలా. అదే చెట్టు అంచున ఉండే తెల్లకర్రను మాత్రం పురుగు ఇష్టంగా తింటుంది. అందుకే పాత టేకు పెట్టెల్లో ఒక్క అంచు మాత్రమే జల్లెడలా తూట్లు పడి ఉండటం చూస్తాం. రోజ్‌వుడ్, మన అడవుల దగ్గర జిట్టేగు అంటారు, టేకుకన్నా బరువు, గట్టి. మామిడి కర్ర పెట్టెలను టేకు రంగు పూసి అమ్మడం కొత్త విద్య కాదు. లోపల రంగు పూయని చోట వెతకండి, సొరుగు వెనక, అర అడుగున. చెక్క అసలు రంగు అక్కడ దొరుకుతుంది.

ఇప్పుడు తెల్ల కాగితం పని. పురుగు తూట్లున్న చోట కింద కాగితం పరిచి చెక్కను గుప్పిటతో గట్టిగా తట్టండి. లేతరంగు మెత్తని పొడి రాలితే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. తూట్ల అంచులు మాసిపోయి, పొడి రాలకపోతే పాత యుద్ధం, ముగిసిపోయింది. అయినా కొన్నాక తిన్నగా పడకగదిలోకి తేకండి. నెల రోజులు వరండాలోనో, ఖాళీ గదిలోనో, కింద నల్ల కాగితం పరిచి ఉంచండి. పొడి పడితే ఒక్కో తూటులో సిరంజితో పురుగుమందు ఎక్కించి, పాలిథీన్ పట్టాతో చుట్టి రెండు వారాలు వదిలేయడం మా వడ్రంగి తాత పద్ధతి. మందు వాసన పూర్తిగా పోయేదాకా అందులో బట్టలు, తినే సరుకులు పెట్టకూడదు. చెద వేరు. అది మట్టి గొట్టాలు కట్టుకుంటుంది. కాళ్ళ అడుగున, వెనక మూలల్లో ఎండిన మట్టి గీతలు కనిపిస్తే చెక్కలో స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. లోపలికి దిగబడితే దండం పెట్టి వచ్చేయండి. వరండాలో పెట్టి చూద్దాం అనుకునే రకం కాదది, మీ గుమ్మాలనూ తింటుంది.

*

కొన్నాక మొదటి వారంలో మనం చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. అందులో పెద్దది, వచ్చీ రాగానే పాలిష్ పెట్టించడం. పాత బీరువాల మీద చాలావరకు ఉండేది లక్కను స్పిరిట్లో కరిగించి గుడ్డతో పట్టించిన పాలిష్. కనపడని మూల చిన్న చుక్క స్పిరిట్ వేసి చూడండి. మెత్తబడి జిగురయితే లక్కే. దాన్ని గీకి పారేయనక్కర్లేదు. దుమ్ము తుడిచి, అరిగిన చోట మళ్ళీ అదే పాలిష్ రెండు పూతలు పట్టిస్తే కొత్తదీ పాతదీ కలిసిపోతాయి. దాని బలహీనత నీళ్ళు, వేడి. తడి గ్లాసు పెడితే తెల్ల చక్రం పడుతుంది. కాబట్టి వంటగదిలో పెట్టే వస్తువైతే వేరే పూత గురించి ఆలోచించవచ్చు. దాన్ని గీకించి మెరిసే ప్లాస్టిక్ లాంటి పూత వేయించినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు నాకు మాట పడిపోతుంది. నూరేళ్ళ చేతి నునుపు రెండు గంటల మిషన్ పనితో పోయింది, ఏం మాట్లాడతాం?

రంగు వేసిన పాత వస్తువైతే ఇంకో సంగతి. పాత పెయింట్లలో సీసం ఉండేది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే. అందుకని పాత పచ్చ రంగు బీరువాను పిల్లలు తిరిగే బాల్కనీలో గరుకు కాగితంతో రుద్దకండి. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోకూడదు. రుద్దక తప్పకపోతే బయట, తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయించాలి.

వానాకాలంలో సొరుగు బిగుసుకుందని వెంటనే చిత్రిక పట్టించకండి. కర్ర తేమను పీల్చి ఉబ్బింది, అంతే. ఎండాకాలం వచ్చేసరికి అదే సొరుగు వదులై ఊగుతుంది. కొవ్వొత్తినో, ఎండు సబ్బు ముక్కనో జారే అంచులకు రుద్దితే చాలు. తలుపు మధ్య పలక చట్రంలో కొంచెం కదులుతుంటే దానికి జిగురు పెట్టించడం కూడా పొరపాటే. కర్ర ఉబ్బడానికీ తగ్గడానికీ పాత వడ్రంగి కావాలని వదిలిన చోటు అది. బిగిస్తే పలక పగులుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే గోడకు కూడా దూరంగా ఉంచండి.

వాసన గురించి అడుగుతారు. మూసి ఉంచిన పెట్టె ముక్క వాసన పోవడానికి నాలుగు రోజుల నీరెండ, తర్వాత గిన్నెలో బొగ్గులు, తెరిచి ఉంచడం. ఊరగాయ జాడీలు పెట్టిన అల్మరా అయితే నూనె చెక్కలోకి ఇంకి ఉంటుంది, పూర్తిగా పోదు. దాన్ని వంటింటికే కొనండి. పట్టుచీరలకు ఏ పాత పెట్టె అయినా లోపల ఉతికిన తెల్ల నూలు గుడ్డ పరిచాకే.

ఇనుము మాట ఎత్తకపోతే అన్యాయం. గోద్రెజ్ కంపెనీ ఉక్కు బీరువాలు చేయడం మొదలుపెట్టింది 1923లో. ఆ లెక్కన ఉక్కు బీరువా కూడా నూరేళ్ళు దాటింది. మన ఇళ్ళలో కంపెనీ ఏదైనా ఇనప బీరువా అంటే గోద్రెజ్ బీరువాయే. పెళ్ళి సారెలో వచ్చి, అద్దం ముందు మూడు తరాల తలలు దువ్వుకున్న ఆ బూడిదరంగు బీరువాను పాత ఇనప సామానువాడికి కిలోల లెక్కన అమ్మేసి, ఆరు నెలల్లో పొట్టు చెక్క వార్డ్‌రోబు కొని, రెండు వానాకాలాలకే దాని అడుగు ఉబ్బిపోయిందని బాధపడిన వాళ్ళు నాకు చాలామంది తెలుసు. అడుగు అంగుళం తుప్పు పట్టిందేమో చూడండి, గది కడిగిన నీళ్ళు తగిలేది అక్కడే. అంతవరకే అయితే తుప్పు గీకించి, ప్రైమర్ కొట్టి, కింద స్టాండు వేయిస్తే ఇంకో తరానికి ఢోకా లేదు. తాళంచెవి పోయినా తాళాన్ని పగలగొట్టించకండి. పాత తాళాలకు చెవులు కోసే మనుషులు ప్రతి పట్టణంలో ఒకరిద్దరు ఉన్నారు.

మోసుకురావడం గురించి ఒక్క మాట. టేపుతో మీ ఇంటి గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్టు తలుపు, లిఫ్టు లోపలి ఎత్తు కొలుచుకుని ఫోనులో రాసుకోండి. చాలా పాత బీరువాలు విప్పి మళ్ళీ బిగించేలా చేసినవే, పైన కిరీటం, కింద పీట విడివిడిగా వస్తాయి. కొనే ముందే అక్కడే ఒకసారి విప్పించి చూడండి. విప్పినప్పుడు ముక్కలకు సుద్దతో అంకెలు వేయించండి.

విదేశాల్లో ఉన్న పిల్లలు నాయనమ్మ పెట్టె తీసుకెళతామంటే ముందు చట్టం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళాత్మకమైన, చారిత్రకమైన వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఆ కోవలోకి రాదని పురావస్తు శాఖ దగ్గర ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. రోజ్‌వుడ్ జాతి కలప అంతా 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది, దానికి విడిగా అనుమతి కాగితాలు పడతాయి. ఇవన్నీ తెలియక ప్యాకింగు అయ్యాక రేవులో ఆగిపోయిన పెట్టె అద్దెలు లెక్కపెట్టుకోవడం కన్నా, ఇక్కడే చెల్లెలి ఇంట్లో ఉంచడం నయం.

ధర గురించి నేను అంకెలు చెప్పను, ఊరు మారితే మారుతుంది. కలప ఘనపుటడుగుల్లో ఎంత ఉందో లెక్కగట్టి, పాత టేకు డిపో ధరతో గుణించండి. అంతకు పైన అడిగేది పనితనానికి, పాతదనానికి. ఆ పైమొత్తం మీద బేరమాడండి. కింది మొత్తం మీద కాదు.

మా వకీలుగారి అల్మరా సంగతి చెప్పలేదు కదూ. నాలుగో నెలలో అత్తయ్యగారే ఒక మధ్యాహ్నం దాని తలుపులు తెరిచి, తన మందుల డబ్బాలు, కళ్ళజోళ్ళు, మనవరాలి డ్రాయింగు పుస్తకాలు, మామయ్యగారి పాత డైరీలు వరుసగా సర్దారు. 13 అంగుళాల లోతుకు డైరీలు అచ్చంగా సరిపోయాయి. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అల్మరా నిండి ఉంది, తాళంచెవి ఆవిడ కొంగుకు ముడి వేసి ఉంది. ఇప్పుడు నాకు అందులోంచి ఏదైనా కావాలంటే ఆవిడను అడగాలి.